నడుం వంచొద్దన్నారు

మా ఇంట్లో పుట్టిన పిల్లలందరి ముక్కులూ మా అక్కయ్య తీర్చినవే. అక్కయ్య అంటే నా తోడబుట్టింది కాదు, తోడికోడలు, మావారి అన్నగారి భార్య. మండవల్లి దాటాక కొల్లేటి అంచున ఉంటుంది మా అత్తవారి ఊరు. అక్కడ పెరట్లో నీళ్ళకాగు పక్కన ఒక నాపరాయి పలక ఉండేది. ఆ పలక మీద ఆవిడ కాళ్ళు బారచాపుకుని కూర్చునేది. ఆ కాళ్ళమీద పడుకుని గుక్కపెట్టి ఏడవని పసిబిడ్డ మా కుటుంబంలో లేడు. ఇవాళ ఇస్త్రీ నలగని చొక్కాలు వేసుకుని మీటింగుల్లో కూర్చునే మా అబ్బాయి కూడా ఆ కాళ్ళమీద ఏడ్చినవాడే. పుట్టినప్పుడు వాడిది పకోడీ ముక్కు. ఇప్పుడెవరైనా కోటేరు ముక్కని మెచ్చుకుంటే వాడు తెగ సంబరపడతాడు గానీ, అందులో వాడి గొప్పా లేదు, నా గొప్పా లేదు.

నీళ్ళు పొయ్యడమంటే మా వైపు ఉత్త స్నానం కాదు. ఎండ పెరట్లోకి దిగి, కొబ్బరిచెట్టు మొదట్లోకి వచ్చేదాకా ఆగాలి. కొబ్బరి డొక్కల మంట మీద కాగిన నీళ్ళలో చన్నీళ్ళు తొరిపి, మోచెయ్యి ముంచి వేడి చూడాలి. ఆవిడ చీర మోకాళ్ళపైకి దోపుకుని కూర్చున్నాక, బిడ్డని తెచ్చి ఆ రెండు కాళ్ళ మధ్య పల్లంలో పడుకోబెట్టేవాళ్ళం. చేతులు నూనె పట్టిస్తూ సున్నిపిండి నలుస్తూ ఉంటే, నోరు ఊళ్ళో కబుర్లన్నీ బిడ్డకి చెప్పేది. ఎవరి గేదె ఈనిందో, ఎవరింట్లో అత్తాకోడళ్ళు మాట్లాడుకోవడం మానేశారో, అన్నీ. "విన్నావా? ఎవరితోనూ అనకు మరి" అనేది చివర్లో. బిడ్డ ఏడుపు ఆపి ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసేది. సరిగ్గా అప్పుడు వేలికి నూనె అద్దుకుని ముక్కు తీర్చేది.

అంతా అయ్యాక బిడ్డని మెత్తటి పాతచీర ముక్కలో చుట్టి, గుండెకి హత్తుకుని, చెయ్యి నేలకి ఆన్చకుండా ఒక్క ఊపున లేచి నిలబడేది. ఆ లేవడం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. అప్పట్లో మాత్రం అదొక విశేషమని నాకు తోచలేదు. మనుషులు కూర్చుంటారు, లేస్తారు, అంతే కదా అనుకునేదాన్ని.

నాకు పెళ్ళి కాకముందే మా అమ్మ పోయింది. కాబట్టి పురిటికి పుట్టింటికి వెళ్ళే యోగం నాకు లేకపోయింది. నెలలు నిండుతున్నకొద్దీ ఆ సంగతి తలుచుకుని నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే అక్కయ్య చూసింది. "ఎందుకమ్మాయ్ ఏడుపు? పుట్టిల్లు ఇదే అనుకో. నేను మీ అమ్మని, మిగతావాళ్ళు నీ అత్తవారు. వాళ్ళేమైనా అన్నారనుకో, మనిద్దరం కలిసి దెబ్బలాడదాం" అంది. అన్నట్టే చేసింది. నా పురిటి మంచం పక్కన కూర్చుని పథ్యం అన్నం కలిపి ముద్దలు పెట్టింది. నా బిడ్డకి నీళ్ళు పోసింది. మా ఇద్దరికీ వయసులో తేడా పెద్దగా లేదు. అయినా ఆ తర్వాత నేనెప్పుడూ ఆవిణ్ణి తోడికోడలిగా చూడలేకపోయాను.

నీళ్ళు పొయ్యడం నన్నూ నేర్చుకోమనేది. నాకు భయం. నూనె కారుతున్న ఆ ముద్ద నా చేతుల్లోంచి ఎక్కడ జారిపోతుందోనని గుమ్మం దగ్గరే నిలబడిపోయేదాన్ని. పైగా నాకు తాడేపల్లిగూడెంలో ఉద్యోగం, స్కూల్లో తెలుగు టీచర్ని. అక్కడ ఉల్లిపాయల మార్కెట్టుకి దగ్గర్లో అద్దె ఇల్లు. ఉతికిన బట్టలక్కూడా ఉల్లివాసనే. సెలవు దొరికితే పిల్లాణ్ణి చంకనేసుకుని ఏలూరు వచ్చి, బస్సు మారి, కొల్లేటి మీదుగా ఊరికి వెళ్ళేదాన్ని. రోడ్డుకి అటూ ఇటూ నీళ్ళు, ఆ నీళ్ళలో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగలు. ఊళ్ళో దిగేసరికి అక్కయ్య ఎదురొచ్చి పిల్లాణ్ణి లాక్కునేది. నన్ను పలకరించడం ఆ తర్వాతే.

మా అత్తగారు పొగడ్త దగ్గర పిసినారి. పెద్దకోడలి గురించి మాత్రం ఒక్కమాట అనేది: "అది పొద్దున్న నడుం వంచిందంటే మళ్ళీ పొద్దుగూకాకే ఎత్తుతుంది." ఆ వెంటనే నా వైపు చూసేది. నా వల్ల అయినంత పని నేనూ చేసేదాన్ని గానీ, సెలవులకొచ్చే మనిషిని, ఎంత చేసినా లెక్కలోకి రాదు. అక్కయ్య కూలీలకి అన్నం పట్టుకెళ్ళి, ఊరికే రాలేక చీర దోపుకుని తనూ మడిలో దిగేది. తర్వాత మా వైపు వరిచేలు చాలావరకు చేపల చెరువులైపోయాయి. నాట్లు పోయినా ఆవిడ నడుముకి తీరిక దొరకలేదు. గేదెలు, పాలు, ఇంటినిండా మనుషులు, వాళ్ళకి వంట. బావగారు పోయిన తర్వాత కూడా చెరువు గట్టు మీద సాయంత్రం ఒక చుట్టు నడిచొచ్చేది. డెబ్బై దగ్గర పడుతున్నా నాకంటే వేగంగా నడిచేది. నేను వెనకపడితే "రామ్మా పంతులమ్మా" అని ఆటపట్టించేది.

అటువంటి మనిషి కొన్నేళ్ళ కిందట ఒక వేసవిలో తడిబట్టల బకెట్టు ఎత్తబోతే వెన్నులో కలుక్కుమంది. అక్కడే నూతి గట్టు పట్టుకుని నిలబడిపోయిందట. రెండు రోజులు జండూబామూ వేణ్ణీళ్ళ కాపడమూ అయ్యాక, కొడుకు కారులో ఏలూరు తీసుకొచ్చాడు. ఉద్యోగం మానాక మేమూ ఏలూరులోనే ఉంటున్నాం కాబట్టి నేనూ ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టరుగారు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపించారు. ఎముకలు గుల్లబారాయనీ, వెన్నుపూస ఒకటి కుంగిందనీ చెప్పారు. నొప్పికి మాత్రలు, ఎముకకి మాత్రలు, నడుముకి బెల్టు రాశారు. రాస్తూ రాస్తూనే తలెత్తకుండా అన్నారు: "ఇకమీదట నడుం వంచకండి మామ్మగారూ." అప్పటికే తర్వాతి పేషెంటు తలుపు తీసుకుని లోపలికి వచ్చేశాడు.

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకి జాతీయాలు చెప్పినదాన్ని. నడుం వంచు అంటే కష్టపడి పని చెయ్యడం, సొంత వాక్యంలో ప్రయోగించండి అని బోర్డు మీద రాసినదాన్ని. డాక్టరుగారి నోట ఆ మాట వినగానే నా బుర్రలో వెలిగిన అర్థం కూడా అదే. నేనే కాదు, ఎవడైనా అంతే, మా ఊళ్ళో పుట్టినవాడికి ఆ మాటకి ఇంకో అర్థం తట్టదు. కారులో కూర్చోగానే అక్కయ్య కొడుకు అన్నాడు: "విన్నావుగా అమ్మా! ఇంక పనీ పాటా ఏమీ వద్దన్నారు."

"చేసింది చాలక్కయ్యా. ఇంకెంతకని చేస్తారు?" అన్నాను నేను కూడా.

అక్కయ్య కిటికీలోంచి బయటికి చూస్తోంది. అటు చూస్తూనే, "అయితే మరేం చెయ్యాలిట?" అంది.

ఆవిడ కోడలు బంగారంలాంటి పిల్ల. ఆ మంచితనమే కొంపముంచింది. హాల్లో టీవీకి ఎదురుగా మంచం వేయించింది. మంచినీళ్ళు చేతికి, అన్నం నోటికి, మాత్ర నాలిక మీదికి. జడ తనే వేసేది. అక్కయ్య కాలు కింద పెట్టబోతే, "అత్తయ్యగారండీ, మీరు లేవకండి, నేనున్నాను గదండీ" అంటూ పరిగెత్తుకొచ్చేది. బెల్టు ఒక్క స్నానానికి తప్ప విప్పనిచ్చేది కాదు. చూడ్డానికొచ్చిన ఊళ్ళోవాళ్ళు "అదృష్టవంతురాలివమ్మా, కాలు కింద పెట్టనివ్వట్లేదు కోడలు" అని మెచ్చుకుని పోయేవాళ్ళు. మేమందరం కూడా అలాగే మెచ్చుకున్నాం.

నేను వెళ్ళినప్పుడల్లా ఆవిడ కొంచెం కొంచెం తరిగిపోతూ కనిపించేది. మొదట్లో మంచం దిగి వీధి అరుగు దాకా వచ్చేది. తర్వాత హాలు దాటలేదు. ఆ తర్వాత బాత్రూముకి వెళ్ళాలంటే చెరో పక్కా ఒకళ్ళు పట్టుకోవాలి. వీపు వంగింది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఇవాళ ఏ వారమో మర్చిపోయి అడిగేది. ఒకసారి దుప్పటి సర్దుతుంటే ఆవిడ కాళ్ళు చూశాను. మా పిల్లలందర్నీ పడుకోబెట్టుకున్న కాళ్ళు. వాటిమీద కండ లేదు. పెరట్లోకి వెళ్ళి ఆ నాపరాయి దగ్గర నిలబడి ఏడ్చాను. ముసలితనం అంటే ఇంతేనేమో అనుకున్నాను గానీ, ఇంకో కారణం ఉంటుందన్న ఊహే రాలేదు.

నిరుడు ఆవిడ మనవరాలికి నెల తప్పింది. ఆ పిల్లని ఉంగుటూరు దగ్గర ఇచ్చారు. మొదటి కాన్పు, పుట్టింటికి తీసుకొస్తారు. ఆ కబురు వచ్చిన రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. ఫోను స్పీకర్లో పెట్టి అక్కయ్య ఒళ్ళో పెట్టారు.

"మామ్మా, నీళ్ళు నువ్వే పొయ్యాలి. నా ముక్కు తీర్చినట్టే తీర్చాలి. ఏం?" అంది ఆ పిల్ల.

అక్కయ్య నవ్వింది. ఎన్నాళ్ళకో చూశాను ఆ నవ్వు. "నీది తీర్చినా తీరలేదు గదే, నువ్వు కదిలిపోయేదానివి" అంది. మాట కూడా పాత మాటే. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఫోను పెట్టేశాక కోడలు నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి అడిగింది: "చిన్నత్తయ్యగారండీ, కలిదిండిలో నీళ్ళు పోసే ఆవిడ ఒకావిడ ఉందిటండి. ముందే చెప్పి ఉంచుదామాండీ?" ఆ పిల్ల అడిగిందాంట్లో తప్పేమీ లేదు. కాకపోతే మా ఇంట్లో వంటింటి మాట హాల్లోకి శుభ్రంగా వినిపిస్తుంది. నేను తిరిగొచ్చేసరికి అక్కయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను. ఆవిడ అటు తిరిగే అంది: "నన్ను ఏలూరు తీసుకెళ్ళమ్మాయ్. ఆ డాక్టరుగారిని ఒక్కమాట అడగాలి."

"ఏమనక్కయ్యా?"

"పోయేలోగా ఒక్కసారి నడుం వంచొచ్చా అని."

మళ్ళీ ఆ ఆస్పత్రికే, ఆ డాక్టరు దగ్గరికే వెళ్ళాం. కుర్చీలోంచి లేచి నిలబడమన్నారు ఆయన. అక్కయ్య కుర్చీ చేతులు పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించి, లేవలేక, మా మొహాల్లోకి చూసింది. డాక్టరుగారు కళ్ళజోడు తీసేశారు.

"ఇదేంటండీ, ఇలా అయిపోయారు? నడవట్లేదా?"

"మీరు చెప్పిన దగ్గర్నుంచీ అమ్మచేత పూచికపుల్ల కూడా తియ్యనివ్వట్లేదండి" అన్నాడు కొడుకు, కాస్త గర్వంగానే.

"నేనేం చెప్పానండీ?"

"నడుం వంచొద్దన్నారు గదండీ."

ఆయన అర్థం కానట్టు మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూశారు. తర్వాత కుర్చీలోంచి లేచి, బల్ల ఇవతలికి వచ్చి, చెత్తబుట్ట ముందు నిలబడ్డారు. వీపు గుండ్రంగా చేసి వంగి దాన్ని పట్టుకున్నారు. "ఇదిగో, ఇలా వంగి ఏదీ ఎత్తొద్దన్నాను. అంతే." బుట్ట వదిలేసి ఈసారి వీపు తిన్నగా ఉంచి, మోకాళ్ళూ తుంటీ వంచి కిందికి దిగి దాన్ని ఎత్తారు. "ఇలా చెయ్యొచ్చు. వంట చెయ్యొచ్చు. నడవొచ్చు. నడవాలి కూడా. పని మానెయ్యమని నేనెందుకంటానండీ? ఎముక గుల్లబారినవాళ్ళు పడుకుంటే ఇంకా గుల్లబారుతుంది, కండ కూడా పోతుంది."

అక్కయ్యే ముందు తేరుకుంది.

"ఏవండీ డాక్టరుగారూ, మా ఊళ్ళో నడుం వంచడమన్నా పని చెయ్యడమన్నా ఒకటేనండి. మీకు రెండూ వేరేనాండీ?"

ఆయనకి ముందు నవ్వొచ్చింది. సగంలో ఆగిపోయింది. "మా అమ్మ కూడా అలాగే అంటుందండి మామ్మగారూ. నాకే తట్టలేదు" అన్నారు. ఆ బెల్టు కొన్ని వారాలకేననీ, ఇన్నాళ్ళు పెట్టుకోమని రాయలేదనీ చెప్పి తనే విప్పించేశారు. నాకైతే ఒళ్ళు మండిపోయింది. ఆయన మీదో, మా మీదో, నేను బోర్డు మీద రాసిన జాతీయాల మీదో తెలియలేదు. అన్నిటి మీదా అనుకుంటాను.

అక్కయ్య అసలు ప్రశ్న అడిగింది. పసిబిడ్డకి నీళ్ళు పొయ్యొచ్చా అని. డాక్టరుగారు ఆలోచించారు. నేలమీద కూర్చుని ముందుకి వంగి చేస్తానంటే ఒప్పుకోనన్నారు. ఎత్తుపీట మీద, వీపు గోడకి ఆన్చుకుని అయితే చూద్దామన్నారు. "కానీ ఒక్కటండి. పీట మీద మీ అంతట మీరు కూర్చుని, మీ అంతట మీరు లేవగలగాలి. ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టే మనిషి చేతికి బిడ్డనివ్వకూడదు" అన్నారు. అక్కయ్య తలూపింది. "న్యాయంగానే ఉందండి" అంది.

కారు ఊరివైపు తిరగలేదు. మా ఇంటి ముందు ఆపించాను. కాన్పయ్యేదాకా మీ అమ్మ నా దగ్గరే ఉంటుందని చెప్తే, కొడుకు మారుమాట్లాడకుండా ఆవిడ బట్టలు తెచ్చిచ్చి వెళ్ళాడు.

నాకూ నడుము నొప్పే. నిలబడి పాఠాలు చెప్పీ చెప్పీ డిస్కు జరిగింది. దానికోసం అప్పటికే ఒక ఫిజియోథెరపీ అమ్మాయి మా ఇంటికి వస్తూ ఉండేది. ఆ పిల్లది తాడేపల్లిగూడెమే. రాగానే అక్కడి కబుర్లు నేనడగడం, ఆ పిల్ల చెప్పడం, ఆ సందట్లో నేను సగం వ్యాయామాలు ఎగ్గొట్టడం మామూలు. ఇప్పుడు ఇద్దరికీ కలిపి మొదలుపెట్టింది. పక్కపక్కన మంచాల మీద పడుకుని మోకాళ్ళు ముడిచి తుంటి పైకెత్తాలి. కిటికీ ఊచ పట్టుకుని మునివేళ్ళ మీద లేవాలి. కుర్చీలోంచి చేతులు వాడకుండా లేచి కూర్చోవాలి. ఇవన్నీ ఒక ఎత్తు. గోడకి వీపు ఆన్చి, మోకాళ్ళు కాస్త వంచి, లేని కుర్చీలో కూర్చున్నట్టు నిలబడాలంది ఒకరోజు.

"ఇది గోడకుర్చీ కాదుటే?" అన్నాను.

"ఆయ్, గోడకుర్చీయేనండి" అంది ఆ పిల్ల నవ్వుతూ.

హోంవర్కు చెయ్యని పిల్లలందరిచేతా నేను గోడకుర్చీ వేయించినదాన్ని. నా తొడలు వణుకుతుంటే ఒక్కొక్కడి మొహమే గుర్తొచ్చింది. అక్కయ్య పక్కనే గోడకానుకుని, "ఏం తప్పు చేశామమ్మాయ్ మనం?" అంది. ఇద్దరికీ నవ్వాగలేదు. గోడమీంచి జారిపోతామేమోనని ఆ పిల్ల గాభరాపడింది.

కొన్నాళ్ళకి అక్కయ్య కుర్చీలోంచి ఒక చెయ్యి సాయంతో లేచింది. ఇంకొన్నాళ్ళకి నా చెయ్యి పట్టుకుని వీధి చివర పాలబూత్ దాకా నడిచింది. అన్నం తనే కలుపుకు తినేది. జడ తనే వేసుకునేది, వంకరగా. ఇవాళ ఏ వారమని అడగడం మానేసి, నేను శనివారం ఉల్లిపాయ కోస్తుంటే కేకలెయ్యడం మొదలుపెట్టింది. ఆ కేకలు వింటే నాకెంత బావుండేదో చెప్పలేను.

పీట మీద సాధన మాత్రం బియ్యం మూటతో. తువ్వాల్లో బియ్యం పోసి మూటకట్టి, అక్కయ్య కాళ్ళమీద పెట్టేదాన్ని. గోడ పక్కన ఎత్తుపీట, ఎదురుగా కాళ్ళు చాచుకోవడానికి ఇంకో పీట. ఆవిడ ఉత్తుత్తి నూనె రాసి, ఉత్తుత్తి సున్నిపిండి నలిచి, మూటకి ఏలూరు కబుర్లు చెప్పేది. ఒకరోజు మావారు పేపరు పట్టుకుని అటొచ్చి, వదినగారు బియ్యం మూటకి ముక్కు తీరుస్తుంటే చూసి నిలబడిపోయారు. "వదినా, అలవాటు కొద్దీ నీళ్ళు పోసేస్తారేమో, రాత్రికి వండుకోవాలి" అన్నారు. "మీకూ పుట్టినప్పుడు ఎవరైనా సరిగ్గా తీర్చి ఉంటే బావుండేది మరిదిగారూ" అంది అక్కయ్య. ఆయన ముక్కు తడుముకుంటూ వెళ్ళిపోయారు.

అంతా నున్నగా సాగిందని చెప్తే అబద్ధమవుతుంది. వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే ఆవిడకి నడుము పట్టేసింది. మంచం మీంచి లేవలేకపోయింది. పాత భయమంతా తిరిగొచ్చి, దుప్పటి ముసుగేసుకుంది. "నావల్ల కాదమ్మాయ్. ఆ కలిదిండి ఆవిడకే కబురు పెట్టండి. నన్నిలా పడుండనివ్వండి" అంది.

నాకు కోపం వచ్చేసింది. నా కోపం సంగతి మా స్కూల్లో అందరికీ తెలుసు. "పడుండనివ్వను. మీరు నాకు అమ్మనన్నారు ఆ రోజు. గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే వచ్చి అన్నారు. ఒక అమ్మ ఎలాగూ పోయింది. ఇంకో అమ్మ మంచానికి అతుక్కుపోతుంటే చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు" అని అరిచాను. అరుస్తూనే ఏడుస్తున్నాను. అక్కయ్య ముసుగు తీసి నా వైపు చూసింది.

"అరవకు. వేణ్ణీళ్ళ సంచీ తీసుకురా" అంది.

నొప్పి తగ్గాక ఆ సాయంత్రమే గుమ్మం దాకా నడిచింది. మర్నాడు గోడకుర్చీ దగ్గరికి నాకంటే ముందు తనే వెళ్ళి నిలబడింది. ఆవిడ మళ్ళీ కలిదిండి ఊసెత్తలేదు.

ఆడపిల్ల పుట్టింది. ఏలూరు ఆస్పత్రిలోనే కాన్పు. బొడ్డు ఊడేదాకా నీళ్ళు పొయ్యొద్దన్నారు, చెవుల్లో ముక్కులో నూనె చుక్క వెయ్యొద్దన్నారు, సాంబ్రాణి పొగ అసలే వద్దన్నారు. అక్కయ్య అన్నీ విని, "ముక్కు తీర్చుకోనిస్తారా, అదీ వద్దంటారా?" అని నర్సుని అడిగింది. గట్టిగా నొక్కకుండా ఊరికే రాసుకోమంది ఆవిడ. "నేనెప్పుడు గట్టిగా నొక్కానమ్మా?" అని అక్కయ్య చిన్నబుచ్చుకుంది.

బొడ్డు ఊడాక ఊరికి బయల్దేరాం. కారులో అక్కయ్య కిటికీ పక్కన కూర్చుంది. కొల్లేట్లో నీళ్ళు నిండుగా ఉన్నాయి. పిట్టలు చూపించమని బిడ్డ అడిగినట్టు, దానికి ఒక్కొక్కటే చెప్తూ వచ్చింది. పెరట్లోకి వెళ్ళి చూస్తే, ఆ నాపరాయి పలక పక్క గోడకి చేతికందే ఎత్తులో ఒక ఇనపకమ్మీ బిగించి ఉంది. కొడుకు మేస్త్రీని పిలిచి వేయించాడట. ఎవరూ చెప్పలేదు. వాడు మాత్రం అక్కడ లేడు, చెరువు మీదికి వెళ్ళిపోయాడు.

ఎండ కొబ్బరిచెట్టు మొదట్లోకి వచ్చింది. కాగు స్థానంలో ఇప్పుడు గీజరు నీళ్ళే. మోచెయ్యి ముంచి వేడి చూసింది మాత్రం అక్కయ్యే. కమ్మీ పట్టుకుని, మోకాళ్ళు వంచి, వీపు తిన్నగా ఉంచి పీట మీద కూర్చుంది. కోడలు రెండు చేతులూ ముందుకి చాచి, గుర్తొచ్చి, వెనక్కి తీసుకుంది. మనవరాలు బిడ్డని తెచ్చి ఆ కాళ్ళమీద పడుకోబెట్టింది. ఆ కాళ్ళకి పూర్వపు పుష్టి రాలేదు. బిడ్డకి సరిపోయేంత వచ్చింది.

చెంబుకోసం పక్కకి తిరిగి వంగడం ఆవిడకి కుదరదు. ఆ సంగతి మాకు బియ్యం మూటతోనే తెలిసింది. "నువ్వు పొయ్యమ్మాయ్, నేను రుద్దుతాను" అంది. నేను ముక్కాలిపీట మీద కూర్చుని చెంబు ముంచాను. రెండు చేతులా పట్టుకున్నాను. "సన్నటి ధార. అంతే. భయపడకు, నేను పట్టుకున్నాను గదా" అంది. నా బిడ్డకి పొయ్యని నీళ్ళు ఆ రోజు పోశాను. బిడ్డ గుక్కపెట్టింది. అక్కయ్య దానికి బియ్యం మూట సంగతీ, గోడకుర్చీ సంగతీ, చిన్నమామ్మ చేసిన గొడవ సంగతీ అన్నీ చెప్పింది. "ఎవరితోనూ అనకు మరి" అంది. బిడ్డ ఏడుపాపి చూసింది. అప్పుడు వేలికి నూనె అద్దుకుని, దూది మీద రాసినంత మెల్లిగా ముక్కు తీర్చింది.

బిడ్డని చుట్టి మనవరాలి చేతికిచ్చాక, మేమందరం చేతులు చాచాం. "ఉండండి" అంది అక్కయ్య. కమ్మీ పట్టుకుంది. పాదాలు వెనక్కి లాక్కుంది. కొంచెం ముందుకి వాలి, ఊపిరి తీసుకుని, లేచి నిలబడింది. ఒక్క ఊపున కాదు, మెల్లిగా, మధ్యలో ఒకసారి ఆగి. పూర్వం చెయ్యి ఆన్చకుండా లేచినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు గానీ, ఈసారి కోడలు కళ్ళొత్తుకుంది, మనవరాలు బిడ్డతో సహా గెంతబోయి తిట్లు తింది.

అక్కయ్య ఎవరి చెయ్యీ పట్టుకోకుండా హాల్లోకి నడిచి, తన మంచం మీద కూర్చుంది. మొహం అలిసిపోయి ఉంది. "పొద్దున్నించీ నడుం వంచాను గదమ్మాయ్. కాసేపు నడుం వాలుస్తాను" అంది. ఆ మంచం మీద ఆవిడ పడి ఉండడం నేను చాలాకాలం చూశాను. పని చేసి, అలిసి, నడుం వాల్చడం మాత్రం అన్నాళ్ళ తర్వాత ఆ రోజే చూశాను.

కళ్ళు మూసుకుంటూ, "కాసేపే సుమా. మళ్ళీ లేపండి నన్ను" అంది. లేపుతామని కోడలూ నేనూ ఒకేసారి అన్నాం.